వేరులోని ముడులు

నల్లమల కొండలకు పడమటి వైపున నంద్యాల, ఆళ్లగడ్డ పట్టణములు కలవు. వీని చుట్టును నల్లరేగడి విస్తారము. కొండల దాపునకు పోయినకొలది నేల తేలికపడి ఎర్రబారును. రేగడిలో పత్తియు, తేలిక నేలలలో వేరుసెనగయు పండుచుండును. ఈ రెండు పైరులకు చుట్టరికమేమియు లేదు. అయినను నేలలో దాగియుండు ఒక నులిపురుగు విషయమున ఈ రెండింటిని కలిపి ఆలోచింపవలసి యున్నది.

పురుగుపట్టిన వేరుసెనగ చేనిలో అక్కడక్కడ మొక్కలు గిడసబారి, ఆకులు పసుపువారి, మధ్యాహ్నపు టెండకు వాడి, సాయంకాలమునకు తేరుకొనుచుండును. నీరు చాలలేదనియో, ఎరువు తక్కువైనదనియో రైతు అనుకొనుట సహజము. నీరు పెట్టినను మొక్క కోలుకొననప్పుడు వేరును చూడవలెను. పెరికినచో సన్నని వేళ్లు తెగి మంటిలోనే నిలిచిపోవును. కావున పారతో చుట్టును త్రవ్వి, పెల్లతో ఎత్తి, నీటిలో నానవేసి మెల్లగా కడుగవలెను.

ఇచ్చట ఒక భ్రమకు తావు కలదు. ఆరోగ్యముగల వేరుసెనగకును వేరు బుడిపెలుండును. అవి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించు రైజోబియం సూక్ష్మజీవుల నివాసములు. వానిని చూచి తెగులని భయపడుట ఎంత పొరపాటో, నిజమైన తెగులును చూచి ఇవియే యని ఊరకుండుట అంత పొరపాటు. మేలుచేయు బుడిపె వేరు ప్రక్కన పూసవలె అంటుకొని యుండును. గోటితో నొక్కిన ఊడివచ్చును. కోసినచో లోపల గులాబిరంగు కనబడును. నులిపురుగు కలిగించు ముడి యట్లు ఊడదు. వేరే ఉబ్బి ముడియైనది గనుక, దానిని తీయబోయిన వేరు తెగును. ఊడలమీదను కాయలమీదను కూడ పులిపిరులవంటివి లేచినచో అనుమానము బలపడును.

ముడిని సూదితో చీల్చి భూతద్దముతో చూచినచో, గుండుసూది తలవలె చిన్నదై ముత్యమువలె తెల్లనైన ఆడుపురుగు కనబడును. దాని ఆకారము సొరబుర్రను పోలియుండును. ఇది కదలక ఒకచోటనే యుండి జిగురు సంచిలో వందలకొలది గ్రుడ్లు పెట్టును. వానినుండి వెలువడు పిల్లపురుగు అర మిల్లీమీటరునకు మించదు. మంటి రేణువుల నడుమనున్న తేమలో పాకి, వేరుకొనలో దూరి, అచ్చటి కణములను ఉబ్బజేసి ఆహారము పీల్చును. మొక్కకు నీరందు దారి చెడుట ఇందువలననే. వెచ్చని నేలలో ఒక తరము సుమారు నెల దినములలో పూర్తియగును. 1855లో ఇంగ్లండున బెర్క్లీ అను శాస్త్రజ్ఞుడు కీరదోస వేళ్లలో ఇట్టి ముడులను మొదట వర్ణించెను.

ముడి కనబడినంతనే పని ముగియదు. ఆ పురుగు ఏ జాతిదో తెలియవలెను. ఒకే జాతిగా భావింపబడిన వీనిలో పెక్కు జాతులు కలవని 1949లో అమెరికా శాస్త్రజ్ఞుడు చిట్‌వుడ్ చూపెను. ఆడుపురుగు వెనుకభాగపు చర్మముపై వ్రేలిముద్రలవంటి గీతలుండును. వానినిబట్టి జాతిని గుర్తింతురు. నేడు డి.ఎన్.ఏ. పరీక్షయు తోడైనది. అయితే మెలాయిడోగైన్ అరెనేరియా అను జాతిలో ఒక తెగ వేరుసెనగను పట్టును; మరియొక తెగ దాని జోలికి పోదు. గీతలనుబట్టి ఈ తెగలు తెలియవు. అందువలన కుండీలలో వేరుసెనగ, పత్తి, టమాట మొదలగు మొక్కలను పెంచి, పురుగును వదలి, దేనికి ముడులు పడినవో చూతురు. ఇందు వేరుసెనగయే సాక్షి.

ఇంత శ్రమ యెందుకనగా, మరుసటి పంట దీనిపై ఆధారపడి యున్నది. అరెనేరియా పత్తిని పట్టదు. వేరుసెనగ చెడిన చేనిలో పత్తి వేసినచో ఆ పురుగు ఆహారము లేక తగ్గును. మెలాయిడోగైన్ ఇన్‌కాగ్నిటా నడవడి దీనికి తలక్రిందులు: అది వేరుసెనగను ముట్టదు, దానిలో కొన్ని తెగలు పత్తిని పట్టును. టమాట, వంగ మాత్రము రెండింటికిని విందే.

ముడులు లేనంతమాత్రమున నులిపురుగు లేదనుటకును వీలులేదు. 1975–76లో నాటి చిత్తూరు జిల్లా కాళహస్తి ప్రాంతమున వేరుసెనగ కాయలు చిన్నవై నల్లబడినవి. టైలెంకోరింకస్ అను వేరొక నులిపురుగు అందుకు కారణమని తేలినది. ఆ రోగమునకు కాళహస్తి తెగులను పేరు నిలిచినది.

నంద్యాలలో 1906లో ఏర్పడిన వ్యవసాయ పరిశోధనా స్థానమువంటి చోట్లకు మన్ను తీసికొనిపోవునపుడు, పూర్తిగా ఎండిన మొక్కల క్రిందిది పనికిరాదు. అచ్చట పురుగులు తినుటకు వేళ్లు మిగిలియుండవు. వాడుచున్న మొక్కల అంచున, వేళ్ల చుట్టునుండు తేమమన్నును వేళ్లతోకూడ సంచిలో కట్టి, ఎండ తగులనీయక చేర్పవలెను.