తప్పు పిల్లాడిది కాదు, ప్యాడ్‌ది

బడి బ్యాండులో ఆరో తరగతి పిల్లాడు క్లారినెట్ ఊదుతుంటాడు. కింది స్వరాలు పలకవు, గట్టిగా ఊదితే కీచుమంటాయి. సాధన చాలదని టీచరు, శ్రద్ధ లేదని ఇంట్లోవాళ్లు. చివరికి తనకు సంగీతం రాదని వాడే తీర్మానించుకుంటాడు. ఏదో మీట కింద రంధ్రాన్ని మూసే మెత్తటి ప్యాడ్ వెంట్రుకవాసి వంకరగా కూర్చుందని, అక్కడ గాలి కారుతోందని ఎవరికీ తోచదు. అమెరికా స్కూలు బ్యాండ్లలో మన తెలుగు పిల్లలూ ఉన్నారు కాబట్టి ఈ కష్టం మన ఇళ్లకూ కొత్త కాదు.

ఆ గాలి ఎక్కడ కారుతోందో పట్టుకోవడమే ఒక వృత్తి. దాన్ని నేర్పే కాలేజీలు అమెరికాలోనే అరుదు. మినసోటాలో మిసిసిపీ ఒడ్డునున్న రెడ్ వింగ్ అనే చిన్న ఊరు ఈ చదువుకు పేరుపడింది.

మామూలు క్లారినెట్‌కు 17 మీటలుంటాయి. మీట గిన్నెలో లక్క కరిగించి ప్యాడ్ అద్దుతారు. లక్క మెత్తగా ఉండగానే ప్యాడ్‌ను రంధ్రం అంచుకు సరిగ్గా ఆనేలా సర్దాలి. ఆనక సిగరెట్ కాగితమంత పల్చటి ముక్కను దాని కింద పెట్టి, మీట మూసి, మెల్లగా లాగుతారు. నాలుగు వైపులా ఒకే బిగువు తగలాలి. ఒకవైపు వదులుగా జారితే మళ్లీ మంట వెలిగించాల్సిందే. శాక్సోఫోన్‌కైతే గొట్టంలోకి సన్నటి లైటు దించి, గది చీకటి చేసి, ఏ ప్యాడ్ సందులోంచి వెలుతురు వస్తుందో వెతుకుతారు.

ఇత్తడి పని వేరు. ట్రంపెట్ సొట్టను సుత్తితో బాదితే రేకు సాగుతుంది, సాగింది మళ్లీ దగ్గరపడదు. అందుకే లోపల ఉక్కు కడ్డీ ఆనించి, పైన నూనె రాసి నునుపుగా పామి తీస్తారు. తొందర ఉన్నవాడికి ఇది పనికొచ్చే పని కాదు.

ఈ వృత్తి విలువ తెలియాలంటే లాస్ ఏంజెలెస్ చూడాలి. అక్కడి ప్రభుత్వ బడుల వర్క్‌షాప్ 1959 నుంచి విద్యార్థుల వాద్యాలను ఉచితంగా బాగుచేస్తోంది. దాని మీద తీసిన ‘ద లాస్ట్ రిపేర్ షాప్’ డాక్యుమెంటరీకి 2024లో ఆస్కార్ వచ్చింది. అందులో ఇత్తడి వాద్యాలు చూసే పాటీ మొరెనో మెక్సికో నుంచి వలస వచ్చిన తల్లి.

మన దేశంలో బ్యాండు వాద్యాలకు మీరట్ పెట్టింది పేరు. అక్కడి నాదిర్ అలీ కంపెనీ 1885 నాటిది. అయితే తయారీ ఒక చోట ఉంటే సరిపోదు, రిపేరు ఊరూరా ఉండాలి. మన ఐటీఐల్లో ఫిట్టర్ కుర్రాళ్లకు ఆకురాయి పట్టడం ఎలాగూ వస్తుంది. బాగుచేసిన వాద్యాన్ని తానే ఊది, కింది స్వరం నుంచి పై స్వరం దాకా పలికించి చూసుకోవడం కూడా వాళ్లు నేర్వాలి. అది నేర్పడానికి మన పెళ్లిళ్ల బ్యాండుమేళం వాళ్లున్నారు. వాళ్లను గురువులుగా పిలిచి, తగిన జీతమిచ్చి, ఒక బల్ల, నాలుగు పాత క్లారినెట్లు ఇస్తే కోర్సు మొదలుపెట్టొచ్చు.