మందు పడకపోతే

నాగాయలంక నుంచి ఒక అక్క జ్వరంతో బందరు పెద్దాసుపత్రిలో చేరిందనుకోండి. ఇంజెక్షన్లు చేశారు. మాత్రలిచ్చారు. జ్వరం తగ్గింది. వారం తిరిగేసరికి ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు. ఒకటే దురద.

"అమ్మవారు పోసిందేమో" అంటుంది పక్క మంచం పెద్దమ్మ. "చేపల పులుసు తిన్నావుగా" అంటుంది అత్త. మాత్రను ఎవరూ అనుమానించరు. పాపం, చేపల మీదికే పోతుంది నేరమంతా!

పదిమందికి మేలు చేసే మందే ఒకరికి పడకపోవచ్చు. ఒళ్లు ఆ మందును శత్రువు అనుకుని ఎదిరిస్తుంది. సల్ఫా మాత్రలు, పెన్సిలిన్ జాతి మందులు, మూర్ఛ మాత్రలు, కొన్ని నొప్పి మాత్రలు ఇలా చేస్తుంటాయి. దద్దుర్లు గంటలోనే రావచ్చు, పది రోజులకూ రావచ్చు. మూర్ఛ మాత్రలకైతే నెల దాటాక కూడా వస్తాయి.

చాలావరకు మందు ఆపితే తగ్గిపోతాయి. కానీ నోట్లో పుళ్లు, ఎర్రబడిన కళ్లు, బొబ్బలు, ఊడే చర్మం కనిపిస్తే ప్రాణానికే ముప్పు. పెదాలు వాచి ఆయాసం వచ్చినా అంతే. తెల్లారనిద్దాం అనుకోకూడదు. ఆసుపత్రిలో ఉంటే నర్సుకు వెంటనే చెప్పాలి. ఇంట్లో ఉంటే ఆ మాత్ర మళ్లీ వేసుకోకుండా, మాత్రల అట్టలన్నీ పట్టుకుని ఆసుపత్రికి పోవాలి. బండి లేకపోతే 108 ఉంది.

ఇలాంటివి నమోదు చేయడానికి ప్రభుత్వం 2010లో ఒక ఏర్పాటు చేసింది. 1800-180-3024కు ఫోను చేసి చెప్పవచ్చు. డబ్బులు పడవు.

తగ్గాక ఏ మందు పడలేదో డాక్టరును అడగాలి. ఆయన చెబుతుంటే తెలుగులోనే రాసుకోవచ్చు. ఒకే మందును కంపెనీకొక పేరుతో అమ్ముతారు. అందుకే అసలు మందు పేరు రాయాలి. రెండోసారి అదే మందు వేస్తే ఇంకా ఎక్కువ కీడు జరగవచ్చు. ఆ చీటీ రేషను కార్డులో ఉంటే, రేపు గుడివాడలో చెల్లెలింట జ్వరమొచ్చినా, సూది వేయకముందే అక్కడి డాక్టరు చేతిలో పెట్టవచ్చు.