కోరరాని మార్కులు

పరీక్షలో మార్కులు హెచ్చినచో సంతసింపని వారుండరు. కాని హెచ్చినకొలది చేటు తెచ్చు మార్కులు కొన్ని గలవు. అవి వాహనము నడుపువాని లైసెన్సుపై చేరునవి. వానినే పెనాల్టీ పాయింట్లందురు. బెంగుళూరు, చెన్నై నగరములకు పోవు పెద్దబాటల ప్రక్కన, హోసూరు, కృష్ణగిరి ప్రాంతములందు నివసించు మనకు ఈ విషయము తెలిసియుండుట మిక్కిలి అవసరము.

జరిమానా ధనవంతునకు లెక్కలేనిది, పేదవానికి బరువు. కాని కట్టిన కొన్నాళ్లకు ఇరువురును దానిని మరచిపోవుదురు. పాయింట్ల పద్ధతి ఈ లోపమును తీర్చును. ఒక్కొక్క తప్పునకు ఇన్ని పాయింట్లని నిర్ణయించి, వానిని కూడుచు పోయి, హద్దు చేరగనే లైసెన్సును నిలిపివేయుదురు. ఇంగ్లండులో మూడేండ్లలో 12 పాయింట్లు చేరినవాడు సాధారణముగా ఆరు నెలలు వాహనము నడుపరాదు. జర్మనీలో 8 పాయింట్లు చేరిన లైసెన్సే పోవును.

తెలుగునాట హైదరాబాదులో 2017 ఆగస్టు 1వ తేదీన ఈ పద్ధతిని ప్రవేశపెట్టిరి. హెల్మెటు లేనిచో 1, సెల్‌ఫోనులో మాటలాడుచు నడిపినచో 2, త్రాగి మోటారుసైకిలు నడిపినచో 3 పాయింట్లని నిర్ణయించిరి. ఒకడు ఫోనుతో నాలుగు మారులు, హెల్మెటు లేక ఒకమారు, త్రాగి ఒకమారు పట్టుబడెననుకొందము. మొత్తము 12. ఇది 24 నెలలలో జరిగినచో అతని లైసెన్సును ఒక సంవత్సరము నిలుపవలయునని నాటి నియమము.

మన ప్రాంతమునకు వర్తించునది 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము. 2019లో దానిని సవరించిరి. అందలి లెక్క పాయింట్లతో గాక మెట్లతో నడచును. ఆ మెట్లును రెండే. మితిమీరిన వేగము, అపాయకరముగా నడుపుట, త్రాగి నడుపుట, పందెములు వేయుట, ద్విచక్ర వాహనముపై ముగ్గురెక్కుట, హెల్మెటు ధరింపకుండుట, అంబులెన్సుకు దారి యీయకుండుట మున్నగు తప్పులకు పోలీసువారు లైసెన్సును తీసికొని, లైసెన్సు అధికారికి పంపవచ్చును. అధికారి విచారించి, తప్పు రుజువైనచో మొదటిమారు మూడు నెలలు నిలుపును, రెండవమారు రద్దుచేయును. పోలీసువారిచ్చు రసీదు వాహనము నడుపుటకు అనుమతి కాదు. హోసూరులో నిలిపిన లైసెన్సు అత్తిబెలెకు ఆవలను చెల్లదు, కుప్పములోను చెల్లదు.

హెల్మెటు లేకున్న 1,000 రూపాయలే గదా యని తలచువారు ఈ మూడు నెలలను లెక్కింపరు. లారీ నడిపి కుటుంబమును పోషించువానికి మూడు నెలల జీతము పోయినచో ఇల్లు ఎట్లు గడచును?

విద్యార్థులారా! గేర్లున్న బండి నడుపుటకు 18 ఏండ్లు నిండవలయును. 50 సి.సి.కి మించని బండికి మాత్రము 16 చాలును. బడికి ఆలస్యమగుచున్నదని బాలునకు తాళపుచెవి ఇచ్చు తల్లిదండ్రులు ఈ సంగతి గమనింపవలయును. బాలుడు తప్పుచేసి పట్టుబడినచో తండ్రికిగాని, బండి యజమానికిగాని మూడేండ్ల వరకు జైలుశిక్షయు, 25,000 రూపాయల జరిమానాయు పడవచ్చును. తమకు తెలియక జరిగినదని గాని, ఆపుటకు తగిన జాగ్రత్త వహించితిమని గాని ఋజువు చేయు భారము వారిదే. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దగును. ఆ బాలునకు 25 ఏండ్లు నిండువరకు లైసెన్సు రాదు. కర్మాగారములందు పనికి పోవలసిన ప్రాయమంతయు అందు గడచిపోవును.

తుదకు మేము కోరునది ఒకటి. నోటీసు తమిళములోనో, ఆంగ్లములోనో వచ్చును. చదువరాదని పెద్దలు దానిని మూల పడవేయరాదు. పిల్లలు బడిలో నేర్చిన తమిళము ఇట్టి వేళ అక్కరకు రావలయును. తేదీ, బండి సంఖ్య, ఏ తప్పని వ్రాసినదియు తలిదండ్రులకు చదివి వినిపింపుడు. లైసెన్సును నిలుపుటకు ముందు మన మాట చెప్పుకొను అవకాశమును చట్టమే యిచ్చినది. నోటీసును విప్పి చదివినవారికే ఆ అవకాశము దక్కును.