ఐదు వేల మీటర్ల ఎత్తు, నడినెత్తిన ఎండ

ఫ్రాన్సు దేశపు ఆగ్నేయ భాగంలో, ఆల్ప్స్ పర్వతాల నడుమ బూర్గ్ ద్వాజాన్ అనే చిన్న పట్టణం ఉన్నది. ఏటా వేసవిలో ఒకనాటి ఉదయం ఆ పట్టణపు వీధులు వేలాది సైకిళ్ళతో నిండిపోతాయి. వచ్చినవారిలో అత్యధికులు సైకిల్ పందేలే జీవనోపాధిగా గలవారు కారు. వారమంతా ఏదో ఒక ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ, తీరిక వేళల్లో సాధన చేసి వచ్చిన సామాన్యులు. వారిలో యువకులతోపాటు తల నెరసినవారూ కనిపిస్తారు. 1982లో ప్రారంభమైన ఈ యాత్రకు ‘లా మార్మోత్’ అని పేరు. ఆల్ప్స్ ఎత్తుల్లో బొరియలు తవ్వుకొని జీవించే ఒక జంతువు పేరది.

యాత్ర దూరం సుమారు 175 కిలోమీటర్లు. చదునైన బాటపై సాధన ఉన్నవారికి అదేమంత అసాధ్యం కాదు. కాని ఆ దూరంలో ఎక్కవలసిన మొత్తం ఎత్తు దాదాపు 5,000 మీటర్లు. ఆంధ్రప్రదేశ్‌లోని అత్యున్నత శిఖరం సైతం 1,700 మీటర్లకు మించదు. సముద్రతీరం నుండి బయలుదేరి అటువంటి శిఖరాన్ని ఒకేరోజు మూడుసార్లు ఎక్కినంత శ్రమ ఇది!

మూడు కనుమలు, ఒక కొండ

మొదటిది గ్లాండోన్ కనుమ. దాని ఎత్తు 1,924 మీటర్లు. ఉదయపు చల్లదనం, కాళ్ళలో కొత్త బలం, చుట్టూ జనసందోహం - ఈ మూడూ కలిసి మనిషిని తొందరపెడతాయి. అనుభవజ్ఞులు ఇక్కడే తమను తాము అదుపు చేసుకుంటారు. పక్కవాడు దాటిపోతున్నా తమ వేగాన్ని మార్చరు. కనుమ దాటిన తర్వాత వచ్చే దిగుడు నిటారుగా, ఇరుకు మలుపులతో ఉంటుంది. అక్కడ ప్రమాదాలు జరగడంతో, ఆ దిగుడుకు పట్టే సమయాన్ని నిర్వాహకులు లెక్కలోంచి తొలగించారు. తొందర వల్ల లాభం లేదన్నప్పుడు తొందరపడేవారు తగ్గుతారు.

దిగుడు ముగిసేది మోరియెన్ లోయలో. ఇరువైపులా కొండలు అడ్డునిలవగా, పొద్దెక్కేకొద్దీ ఆ లోయ వేడెక్కుతుంది. అక్కడి నుండి 12 కిలోమీటర్ల తెలెగ్రాఫ్ కనుమ, ఒక చిన్న దిగుడు, ఆ వెంటనే 18 కిలోమీటర్ల గాలిబియే కనుమ. 2,642 మీటర్ల ఎత్తున ఉన్న ఈ గాలిబియేను టూర్ డి ఫ్రాన్స్ పందెం 1911లో తొలిసారి దాటింది. అందరికంటే ముందు ఆ శిఖరం చేరినవాడు ఎమిల్ జోర్జే. ఆ ఎత్తున శ్వాసకు అందే ప్రాణవాయువు సముద్రమట్టంతో పోల్చితే నాలుగింట మూడు వంతులే.

అక్కడి నుండి సుమారు 50 కిలోమీటర్ల దిగుడు. చెమటతో తడిసిన దుస్తులకు చల్లగాలి తగిలి ఒళ్ళు వణుకుతుంది. మళ్ళీ లోయలోకి చేరేసరికి మధ్యాహ్నపు ఎండ ఎదురవుతుంది. అప్పుడు మిగిలి ఉంటుంది ఆఖరి కొండ, ఆల్ప్ దుయెజ్. దాదాపు 14 కిలోమీటర్లు, 21 మలుపులు. ప్రతి మలుపుకూ ఒక సంఖ్య ఉంటుంది. ఎక్కేకొద్దీ ఆ సంఖ్య తగ్గుతూ వస్తుంది. తొలి రెండు కిలోమీటర్లే మిక్కిలి నిటారు. ఎండకు కాగిన రాతిగోడలు తిరిగి వేడిని వెదజల్లుతుంటే, వందలాది మంది అక్కడ సైకిల్ దిగి నీడ వెదుక్కుంటారు.

దేహం ఒక కొలిమి

ఇంతకూ కొండ ఎక్కేటప్పుడే ఎండ అంతగా బాధించడానికి కారణమేమిటి? మనం తిన్న ఆహారం నుండి కండరాలు తీసుకునే శక్తిలో నాలుగో వంతుకు మించి సైకిల్ నడపడానికి ఉపయోగపడదు. తక్కినదంతా వేడిగా మారుతుంది. ఆ వేడిని బయటికి పంపే ప్రధాన మార్గం చెమట. అయితే చెమట కారినంత మాత్రాన దేహం చల్లబడదు; అది ఆవిరైనప్పుడే చల్లబడుతుంది. ఆవిరి కావడానికి గాలి తగలాలి. చదునైన దారిలో సైకిల్ వేగమే గాలిని పుట్టిస్తుంది. నిటారు ఎక్కుడులో శ్రమ పెరుగుతుంది, వేగం మాత్రం గంటకు పది కిలోమీటర్లకు పడిపోతుంది. కొలిమి మండుతూనే ఉంటుంది, పొగగూడు మూసుకుపోతుంది.

అటువంటి వేళ గంటకు లీటరుకు పైగా చెమట పోవచ్చు. కనుక దాహం బాగా ముదిరేదాకా ఆగకుండా కొద్దికొద్దిగా తాగుతూ ఉండాలి. అలాగని గంటల తరబడి ఉత్త నీటినే అమితంగా తాగడమూ అపాయమే. చెమటతో ఉప్పు కూడా పోతుంది. దానికితోడు నీరు ఎక్కువైతే రక్తంలో సోడియం పలుచబడి తలనొప్పి, వాంతులు, మతి తప్పడం వంటివి కలుగుతాయి. అందుకే దారిలోని విశ్రాంతి శిబిరాలలో నీటితోపాటు పండ్లు, ఉప్పు కలిసిన తినుబండారాలు కూడా ఉంచుతారు. ఎండకు దేహం అలవాటు పడటానికి పది పదిహేను రోజులు పడుతుంది. చల్లని ప్రాంతం నుండి నేరుగా వచ్చి ఎంతటి బలశాలి ఎక్కినా, ఆ అలవాటు లేని లోటు తప్పదు.

వాంతూ కొండపై ఒక మరణం

ఈ విషయాలు పెడచెవిన పెడితే ఏమవుతుందో సైకిల్ లోకం 1967 జూలై 13న చూసింది. ఆనాడు టూర్ డి ఫ్రాన్స్ దక్షిణ ఫ్రాన్సులోని మోన్ వాంతూ మీదుగా సాగుతున్నది. ఆ కొండ పైభాగమంతా చెట్టూ చేమా లేని తెల్లని సున్నపురాయి. తీవ్రమైన ఎండ. బ్రిటన్‌కు చెందిన టామ్ సింప్సన్, రెండేళ్ళ క్రితమే ప్రపంచ విజేతగా నిలిచిన 29 ఏళ్ళ యువకుడు, శిఖరానికి కొద్ది దూరంలో పడిపోయాడు. మళ్ళీ సైకిలెక్కి కొంత సాగి మరల కుప్పకూలాడు. ఇక లేవలేదు. ఆయన దేహంలో ఉత్ప్రేరక మందు ఆంఫెటమిన్, మద్యం ఉన్నట్లు పరీక్షలలో తేలింది.

ఆ రోజుల్లో పందెంలో నీరు తక్కువగా తాగడమే మేలన్న అభిప్రాయం ఉండేది. మద్యం దేహంలోని నీటిని మరింత తగ్గిస్తుంది. ఉత్ప్రేరకం అలసటను తీర్చదు, అలసట తెలియకుండా చేస్తుంది. ‘ఇక చాలు’ అని దేహం చెప్పే మాటను అది వినబడనివ్వదు. అలసట మనకు శత్రువు కాదు. అది మనకు అప్పగించబడిన కావలివాడు. కావలివాని నోరు నొక్కినవానికి ఆపద వచ్చేదాకా ఏదీ తెలియదు.

చీపురు బండి

ఇటువంటి యాత్రలలో అందరికంటే వెనుక ఒక వాహనం వస్తుంది. ఫ్రెంచివారు దానిని ‘చీపురు బండి’ అంటారు. కొనసాగలేనివారిని, గడువు దాటినవారిని అది ఎక్కించుకుంటుంది. నెలల సాధన, ఎంతో ఖర్చు, ఇంటివారికి చెప్పి వచ్చిన మాట - ఇవన్నీ మనసులో మెదులుతుండగా ఆ బండి ఎక్కడం సులువు కాదు. అయినా ఎక్కినవాడు ఇంటికి చేరుతాడు, మరుసటి ఏడు మళ్ళీ రాగలుగుతాడు. గాలిబియే వద్ద ఆగిపోయినవానికీ, ఆల్ప్ దుయెజ్ చేరినవానికీ మధ్య తేడా కొన్ని గంటలే. సమయానికి ఆగినవానికీ, ఆగనివానికీ మధ్య తేడా ఒక నిండు ప్రాణం కావచ్చు.

మన రోహిణీకార్తె ఎండ ఆల్ప్స్ ఎండకు ఏ మాత్రం తీసిపోదు. మన ఇళ్ళలోనూ సైకిల్ యాత్రలకు ఉత్సాహపడే యువకులున్నారు. అంతకంటే ఎక్కువగా, ఎండలో ఇల్లు కట్టేవారు, బరువులు మోసేవారు, ఆటో నడిపేవారు ఉన్నారు. వారి విషయంలో ఈ ఆనవాళ్ళు గుర్తుంచుకోండి: మాట తడబడటం, అడుగు తూలడం, అర్థంలేని కోపం, వాంతి. చెమట పడుతున్నది కదా అని ఉపేక్షించవద్దు. శ్రమ వల్ల కలిగే వడదెబ్బలో చెమట ఆగకపోవచ్చు కూడా. వెంటనే నీడకు చేర్చి, దుస్తులు వదులు చేసి, ఒళ్ళంతా చల్లని నీటితో తడిపి విసరండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీరు పోయవద్దు. ఇవన్నీ చేస్తూనే 108కి ఫోన్ చేయండి; బండి వచ్చేదాకా తడపడం మానవద్దు.