పాత పేజీకి కాపలా ఎవరు?

స్వచ్ఛంద సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల వెబ్‌సైట్లను దేశదేశాల ఔత్సాహికులు కలిసి దిద్దుతారు. రాసి వెళ్లిపోయినవారి పేజీలను చూసేదెవరన్నదే పెద్ద చిక్కు

రాయపూర్ రాజధానిగా ఛత్తీస్‌గఢ్ ఏర్పడింది 2000 నవంబరు 1న. ఛత్తీస్‌గఢీకి అధికార భాష హోదా దక్కింది 2007 నవంబరులో. ఆ తర్వాత కొద్దికాలానికే ఆ భాష కంప్యూటర్ తెర మీదికీ ఎక్కింది. రవి రత్లామీ పేరుతో హిందీ ఇంటర్నెట్ పాఠకులకు సుపరిచితుడైన రవిశంకర్ శ్రీవాస్తవ చొరవతో, లినక్స్ కంప్యూటర్లలో వాడే కేడీఈ డెస్క్‌టాప్ మెనూలు, బటన్ల మీది మాటలు ఛత్తీస్‌గఢీలోకి వచ్చాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ భాష మాట్లాడేవారు సుమారు 1.62 కోట్లు. ఇలాంటి పనికి జీతం లేకుండా కూర్చునేవారు మాత్రం ఏ భాషలోనైనా కొద్దిమందే. తెలుగు అందుకు మినహాయింపేమీ కాదు.

ఆ కొద్దిమందిలో ఒకరు తప్పుకుంటే? మెనూ విషయంలో పెద్ద నష్టం లేదు. అనువాదం కాని చోట ఇంగ్లిషు మాట కనిపిస్తుంది, పని జరిగిపోతుంది. వెబ్‌సైట్ అలా కాదు. సాఫ్ట్‌వేర్‌ను ఎలా ఎక్కించుకోవాలో చెప్పే పేజీ నాలుగేళ్లుగా ఎవరూ ముట్టుకోకపోయినా చూడటానికి కొత్తదానిలాగే ఉంటుంది. సొంత భాషలో ఉంది కదా అని రాయపూర్ విద్యార్థి ఎవరైనా దాన్ని నమ్మి, కాలం చెల్లిన సూచనతో హార్డ్ డిస్కులో ఉన్నదంతా తుడిచేసుకునే ప్రమాదం ఉంది.

మొదట్లో అందరి భయం వేరు. అమెరికన్ ప్రోగ్రామర్ వార్డ్ కనింగ్‌హామ్ 1995 మార్చిలో తొలి వికీని తెరిచినప్పుడు, చదివేవారెవరైనా పేజీని మార్చేయవచ్చన్న ఆలోచనే చాలామందికి వింతగా తోచింది. తాళం లేని ఇంట్లో సామాను మిగులుతుందా అన్నది ప్రశ్న. మిగిలింది. పాత ప్రతులన్నీ దాచిపెట్టే వికీలు రావడంతో, చెడగొట్టిన పేజీని క్షణంలో వెనక్కి తెచ్చే వీలు కలిగింది. ఇద్దరు ఒకేసారి ఒకే వాక్యాన్ని దిద్దితే, వికీపీడియా నడిచే మీడియావికీ రెండో వ్యక్తిని ఆపి, రెండు పాఠాలూ చూపించి తేల్చుకోమంటుంది.

అలాగని ఖర్చు లేకపోలేదు. మందుబిళ్లల ప్రకటనలు తుడవడమే కొందరు స్వచ్ఛంద సేవకులకు రోజువారీ పనైపోయింది. 2012 జులైలో డెబియన్ ప్రాజెక్టు వికీలోకి, అదే ఏడాది డిసెంబరులో పైథాన్ వికీలోకి దుండగులు చొరబడ్డారు. రెండూ అప్పట్లో మోయిన్‌మోయిన్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచేవి. వాడకందారులు పాస్‌వర్డులు మార్చుకోవాల్సి వచ్చింది.

ఇయాన్ మర్డాక్ 1993లో మొదలుపెట్టిన డెబియన్, తన ప్రధాన వెబ్‌సైట్‌ను మాత్రం వికీకి అప్పగించలేదు. ప్రోగ్రామును ఎలా దాచుకుంటారో పేజీలనూ అలాగే దాచింది. 2018 వరకు సీవీఎస్‌లో, ఆ తర్వాత గిట్‌లో. ఎవరైనా దిద్దుబాటు పంపవచ్చు. రాసే హక్కు ఉన్నవారు దాన్ని పరిశీలించి కలుపుతారు. నమ్మకం కుదిరాక ఆ హక్కు కొత్తవారికీ దక్కుతుంది.

డెబియన్ చేసిన అసలైన తెలివైన పని ఇంకొకటి ఉంది, దాన్ని గమనించేవారు తక్కువ. అనువాదమైన ప్రతి పేజీ మొదట్లో, పాఠకుడికి కనిపించకుండా, ఒక వరుస ఉంటుంది. ఇంగ్లిషు మూలం ఏ ప్రతి నుంచి ఈ అనువాదం చేశారన్నది అందులో రాసిపెడతారు. అక్కడ మూలం మారగానే యంత్రానికి లెక్క తెలిసిపోతుంది. సాధారణంగా 5 మార్పులకు మించి వెనకబడితే, ఈ అనువాదం పాతబడింది, మూలం చూసుకోండి అన్న హెచ్చరిక పాఠకుడికే కనబడుతుంది. ముఖ్యమైన పేజీలకు ఆ హద్దును ఇంకా తగ్గించుకోవచ్చు. ఏ భాషలో ఏ పేజీలు ఎంత వెనకబడ్డాయో చూపే జాబితాలూ ఉంటాయి. ఊరు మారిన అనువాదకుడిని ఎవరూ నిందించనక్కర్లేదు. అతను ఎక్కడ ఆగాడో పేజీయే చెబుతుంది.

ఛత్తీస్‌గఢీ మెనూలకు చోటిచ్చిన కేడీఈ మరో దారి పట్టింది. వాడకందారుల కోసం తెరిచిన యూజర్‌బేస్ వికీయే. కానీ అనువాదానికి పేజీని పేరాలుగా ముక్కలు చేస్తుంది. ఇంగ్లిషులో ఒక పేరా మారితే ఆ ముక్క ఒక్కటే పాతబడినట్టు గుర్తు పడుతుంది, మిగతా అనువాదం చెక్కుచెదరదు. ఇదే పద్ధతి మీడియావికీ తెలుగు మాటలు తయారయ్యే ట్రాన్స్‌లేట్‌వికీలోనూ కనిపిస్తుంది. మూలం మారిన సందేశాలు మళ్లీ చూడాల్సినవాటి జాబితాలో చేరతాయి.

ఇక్కడో మెలిక. యూజర్‌బేస్‌లో ఇంగ్లిషు పేజీని ఎవరు మార్చినా, ఆ మార్పు వెంటనే అనువాదకుల ముందుకు రాదు. అనువాద నిర్వాహకుడు చూసి, అనువాదానికి సిద్ధం అని ముద్ర వేయాలి. అక్షర దోషం దిద్దినందుకు ఇన్ని భాషలవారినీ పరుగు పెట్టించకూడదు కదా. సబబైన ఏర్పాటే. అయితే ఆ నిర్వాహకుడూ సాయంత్రాలు వీలు చూసుకుని పనిచేసే స్వచ్ఛంద సేవకుడే. ఆయనకు తీరిక లేకపోతే బండి అక్కడే ఆగుతుంది. అందుకే అనుభవమున్న ప్రాజెక్టులు ముద్ర వేసే అధికారాన్ని ఒక్కరి చేతిలో ఉంచవు.

రాయపూర్‌లో రేపు ఓ కొత్త ఔత్సాహికుడు ముందుకొస్తే అతన్ని వంద కొత్త పేజీలు అనువదించమనడం తేలిక. వెనకబడిన పేజీల జాబితా తెరిచి, అందులో ఎక్కువమంది చదివే ఇన్‌స్టలేషన్ పేజీలో మారిన రెండు పేరాలు చేతికివ్వడం మేలు. అవి ఒక సాయంత్రంలో అయిపోతాయి. ప్రతి సంఖ్య మార్చి పంపితే, పేజీ నెత్తిన ఉన్న హెచ్చరిక తొలగిపోతుంది.