0.816 వెనక నాలుగు బొమ్మలు

పదకొండేసి జతల అంకెలున్న నాలుగు పట్టికలు తీసుకుందాం. ప్రతి జతలో ఒకటి ఎక్స్, ఇంకొకటి వై. నాలుగు పట్టికల్లోనూ ఎక్స్ సగటు 9, వై సగటు 7.50. అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే విస్తృతి ఎక్స్‌కు 11. వై విస్తృతి 4.12, 4.13 మధ్యే. ఎక్స్, వై ఎంతవరకు కలిసి మారతాయో చెప్పే సహసంబంధ గుణకం మూడింట్లో 0.816, నాలుగోదాంట్లో 0.817. చుక్కల నడుమ నుంచి సరళరేఖ గీస్తే అది కూడా నాలుగింటికీ ఒకటే: 3 దగ్గర మొదలవుతుంది, ఎక్స్ ఒకటి పెరిగినప్పుడల్లా వై అర పెరుగుతుంది. ఈ లెక్కలు మాత్రమే ఉన్న నివేదిక చేతికొస్తే నాలుగు పట్టికలూ ఒకేలాంటివని ఎవరైనా అనుకుంటారు.

ఇప్పుడు వాటిని చుక్కలుగా పెట్టి చూడండి. మొదటి బొమ్మలో చుక్కలు కాస్త చెదురుగా ఉన్నా మొత్తమ్మీద పైకి వెళ్తున్నాయి. 0.816 చెప్పిన మాట ఇక్కడ నిజమే. రెండో బొమ్మలో అసలు సరళరేఖే లేదు. చుక్కలు నున్నటి వంపుగా లేచి, ఎక్స్ 11 దగ్గర శిఖరం తాకి, కిందికి దిగుతాయి. మూడోదాంట్లో పది చుక్కలు దారం పట్టినట్టు ఒకే గీత మీద ఉంటే, ఒక్కటి మాత్రం దూరంగా ఎగిరిపోయింది. మిగతా పదింటి తీరు ప్రకారం ఎక్స్ 13 దగ్గర వై సుమారు 8.5 ఉండాలి. పట్టికలో ఉన్నది 12.74. ఆ ఒక్క చుక్కను పక్కన పెడితే సహసంబంధం దాదాపు 1కి చేరుతుంది, గీత వాలు 0.5 నుంచి 0.345కి పడిపోతుంది.

నాలుగోది అన్నిటికంటే వింత. పది చుక్కలు ఎక్స్ 8 మీద నిట్టనిలువుగా పేర్చినట్టు ఉంటాయి. పదకొండోది ఎక్కడో 19 దగ్గర ఒంటరిగా, 12.50 ఎత్తులో. దాన్ని తీసేస్తే ఎక్స్‌లో మార్పే ఉండదు కాబట్టి సహసంబంధం లెక్కకట్టడమే కుదరదు. సాఫ్ట్‌వేర్‌ను అడిగితే ప్రామాణిక విచలనం సున్నా అని హెచ్చరించి ఊరుకుంటుంది. అంటే 0.817 అనే అంకె మొత్తం ఒక్క చుక్క పుణ్యమే. ఆ కొలత తప్పుగా నమోదై ఉంటే నివేదికలో మిగిలేదేమీ లేదు.

ఈ పట్టికలను బ్రిటన్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన గణాంక శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ 1973లో ది అమెరికన్ స్టాటిస్టీషియన్ పత్రికలో ప్రచురించారు. లెక్కలు కచ్చితం, బొమ్మలు ఉజ్జాయింపు అనే నమ్మకం అప్పట్లో గట్టిగా ఉండేది. దాన్ని సవాలు చేయడానికే ఆయన పూనుకున్నారు. యాభై ఏళ్లు దాటినా ఆ నమ్మకం మన దగ్గర పూర్తిగా పోలేదు. ప్రాజెక్టు రిపోర్టుల్లో, సర్వే పుస్తకాల్లో సగటు, శాతం, గుణకం పేజీల కొద్దీ కనిపిస్తాయి. అసలు చుక్కలు ఎలా ఉన్నాయో చూపే బొమ్మ ఒక్కటీ ఉండదు. ఇది సరిదిద్దుకోవాల్సిన అలవాటని చెప్పడానికే ఈ కథనం. సరిదిద్దుకోవడానికి పైసా ఖర్చు లేదు కూడా.

ఖర్చు లేదన్నది ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వల్ల. దాని మూలం అమెరికా పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్‌లో 1976లో మొదలైన ఎస్ అనే భాష. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ 1990ల మొదట్లో ఆ పద్ధతిలోనే ఆర్‌ను రాశారు. 1995లో జీపీఎల్ లైసెన్స్ కింద అందరికీ ఇచ్చేశారు. 1.0.0 వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న వచ్చింది. విండోస్‌లో దించుకోవాల్సిన ఫైలు వంద ఎంబీ కూడా ఉండదు, పాత ల్యాప్‌టాప్ మీదా నడుస్తుంది. ఆన్‌స్కోంబ్ పట్టికలు దాంతోపాటే వస్తాయి. కాబట్టి పైన చెప్పిన ప్రతి అంకెనూ మీరే సరిచూసుకోవచ్చు.

ఎలాగో ఒకసారి దగ్గర నుంచి చూద్దాం. ఆదేశాలు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో టైప్ చేయాలి, ఇక్కడ వాటిని ఎలా పలుకుతామో అలా రాస్తున్నాను. ముందు ప్లాట్ అని కొట్టి బ్రాకెట్ తెరవాలి. అడ్డం అక్షం మీదికి రావాల్సిన వరుస పేరు, కామా, నిలువు అక్షం మీదికి రావాల్సిన వరుస పేరు రాసి బ్రాకెట్ మూసేయాలి. వరుస ఏ పట్టికలోదో చెప్పడానికి పట్టిక పేరుకూ వరుస పేరుకూ మధ్య డాలర్ గుర్తు. ఎంటర్ నొక్కితే బొమ్మ. ఇదే పనికి ఇంకో పద్ధతి కూడా ఉంది. కామా బదులు టిల్డ్, అంటే అల గుర్తు పెట్టి, పట్టిక ఏదో డేటా అనే మాటతో విడిగా చెప్పడం. అప్పుడు క్రమం తిరగబడుతుంది: నిలువుది ముందు, అడ్డంది తర్వాత. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. బొమ్మ రాగానే ఏ అక్షం మీద ఏముందో చూసుకోవడం అలవాటు చేసుకోండి.

గీత కావాలంటే ఎల్ఎమ్ అనే ఆదేశం లెక్కకడుతుంది, ఏబీలైన్ దాన్ని బొమ్మ మీద గీస్తుంది. నాలుగు బొమ్మలనూ పక్కపక్కన పెట్టినప్పుడు ఒక సంగతి మరవకూడదు. ఆర్ ఏ బొమ్మ కొలతలను ఆ బొమ్మకే సరిపోయేలా సర్దుకుంటుంది. మొదటిదాంట్లో అడ్డం అక్షం 14 దగ్గర ఆగితే నాలుగోదాంట్లో 19 దాకా పోతుంది. పోల్చి చూడాలంటే నాలుగింటికీ ఒకే హద్దులు మనమే ఇవ్వాలి. అడ్డం 3 నుంచి 19, నిలువు 3 నుంచి 13 అయితే సరిపోతుంది.

ఆర్‌లోనే ఉన్న మరో పట్టిక అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కుది. అక్కడ ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటి బుగ్గ ఉండుండి ఆకాశంలోకి నీరు ఎగజిమ్ముతుంది. ఒక్కో ఎగజిమ్ము ఎన్ని నిమిషాలు సాగింది, తర్వాతిదానికి ఎన్ని నిమిషాలు ఆగాల్సి వచ్చింది అని 272 సార్లు కొలిచి రాసిన పట్టిక అది. సాగిన సమయం సగటు 3.49 నిమిషాలు, ఆగిన సమయం సగటు 71 నిమిషాలు.

హిస్టోగ్రామ్, అంటే స్కూల్లో గీసిన సోపాన చిత్రం వేసి చూస్తే ఈ సగటు బండారం బయటపడుతుంది. అర నిమిషం వెడల్పు గడులుగా విడగొడితే రెండు గుట్టలు కనిపిస్తాయి. ఒకటి 2 నిమిషాల దగ్గర, రెండోది నాలుగున్నర దగ్గర. సగటు 3.49 పడేది ఆ రెంటి నడుమ లోయలో. 3 నుంచి 3.5 నిమిషాల గడిలో ఉన్నవి 272లో పదిలోపే. ఈ బుగ్గ చిన్నగానైనా జిమ్ముతుంది, పెద్దగానైనా జిమ్ముతుంది. సగటుగా జిమ్మడం దాదాపు ఎప్పుడూ జరగదు.

కానీ గడుల వెడల్పు అర నిమిషం బదులు 2 నిమిషాలు పెట్టి చూడండి. 1 నుంచి 3 వరకు 97, మిగతావాటిలో రెండుమూడు తప్ప అన్నీ 3 నుంచి 5 గడిలో. రెండు గుట్టలు ఒకే గుట్టగా కలిసిపోతాయి. అదే సమాచారం, అదే ఆదేశం, మారింది ఒక్క వెడల్పే. సాఫ్ట్‌వేర్ తానుగా ఎంచుకున్న వెడల్పుతో సరిపెట్టుకోకుండా సన్నగా ఒకసారి, లావుగా ఒకసారి గీసి చూడమని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే.

ఇదే పట్టికను స్కాటర్‌ప్లాట్‌గా, అంటే ఇందాకటిలా చుక్కలుగా మార్చి, సాగిన సమయం అడ్డంగా, ఆగిన సమయం నిలువుగా పెడితే చుక్కలు రెండు గుంపులుగా విడిపోతాయి. సహసంబంధం 0.90. గీత చెప్పేది ఇది: ఆగాల్సిన నిమిషాలు సుమారు 33.5, దానికి తోడు సాగిన ప్రతి నిమిషానికీ 10.7. ఆ కొలతలు తీసిన రోజుల్లో రెండు నిమిషాల ఎగజిమ్ము తర్వాత సుమారు 55 నిమిషాలకు, నాలుగున్నర నిమిషాల దాని తర్వాత సుమారు 82 నిమిషాలకు మళ్లీ నీరు లేచేది. సగటున 71 నిమిషాలని చెబితే యాత్రికుడు చాలాసార్లు ముందో వెనకో అయిపోయేవాడు. ఇందాకటి ఎగజిమ్ము ఎంతసేపు సాగిందో గమనించినవాడికి ఆ ఇబ్బంది చాలావరకు తప్పేది.

మూడో ఉదాహరణ, అదీ ఆర్‌లో ఉన్నదే, ఐరిస్ పూలది. మూడు జాతులు, ఒక్కోదానికి 50 చొప్పున 150 పూలు. కొలతలు సేకరించింది వృక్ష శాస్త్రవేత్త ఎడ్గర్ ఆండర్సన్. 1936లో గణాంక శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ తన వ్యాసంలో వాడాక ప్రపంచమంతటికీ పాకాయి. ఆ ఫిషర్ దగ్గరే కేంబ్రిడ్జిలో డాక్టరేట్ చేసిన మనవారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు. సి.ఆర్.రావుగా ప్రపంచం ఎరిగిన ఆయన 2023లో, 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఇవాళ ఏ గణాంక సాఫ్ట్‌వేర్ తెరిచినా ఆయన పేరు మీదున్న సూత్రాలు ఎక్కడో ఓ చోట పనిచేస్తూనే ఉంటాయి. తెలుగు విద్యార్థులు ఈ పట్టిక తెరిచినప్పుడు ఈ సంబంధం గుర్తుచేసుకుంటే బాగుంటుంది.

పువ్వు కిందుండే రక్షక పత్రం పొడవు, వెడల్పుల మధ్య సహసంబంధం 150 పూలకూ కలిపి లెక్కిస్తే మైనస్ 0.12. అంటే పొడవు పెరిగితే వెడల్పు రవ్వంత తగ్గుతుందని. జాతుల వారీగా విడగొడితే సెటోసాలో ప్లస్ 0.74, వర్సికలర్‌లో 0.53, వర్జినికాలో 0.46. మూడింట్లోనూ పొడవు పెరిగితే వెడల్పూ పెరుగుతోంది. మూడూ కలిపితే మాత్రం దిశే తిరగబడింది. ఇది గణాంక శాస్త్రం సింప్సన్ వైపరీత్యం అనే పేరుతో గుర్తించిన చిక్కు. సెటోసా పత్రాలు పొట్టిగా, వెడల్పుగా ఉంటాయి, మిగతా రెండు జాతులవి పొడుగ్గా, సన్నగా. అందుకని గుంపులన్నీ కలిపి చూస్తే వాలు కిందికి కనిపిస్తుంది. ప్లాట్ ఆదేశంలో కామా పెట్టి, రంగును జాతిని బట్టి వేయమంటే చాలు, చుక్కలు మూడు రంగుల్లోకి మారి అసలు సంగతి చెప్పేస్తాయి. ఎరుపు, ఆకుపచ్చల తేడా పట్టలేని కళ్లు చాలామందికి ఉంటాయి కనుక రంగుతోపాటు గుర్తు కూడా మార్చండి. ఒక జాతికి గుండ్రం, ఒకదానికి త్రికోణం, ఇంకోదానికి కూడిక గుర్తు.

జిల్లాల గణాంకాలు పట్టుకుని కూర్చునే విలేకరులకు, పరిశోధక విద్యార్థులకు ఈ మైనస్ 0.12 చాలా అవసరమైన పాఠం. పట్టణాలనూ పల్లెలనూ, తీరాన్నీ మెట్టనూ కలిపి ఒకే గుణకం తీస్తే ఇదే ప్రమాదం పొంచి ఉంటుంది.

చుక్కలు వందల్లో ఉన్నంతవరకు పేచీ లేదు. వేలల్లోకి పోతే ఒకదాని మీద ఒకటి పడి నల్లటి మరకగా మారిపోతాయి. ఆర్ కోసం హాడ్లీ విక్‌హామ్ తయారుచేసిన జీజీప్లాట్2 అనే ప్యాకేజీతో 53,940 వజ్రాల పట్టిక వస్తుంది. బరువు అడ్డంగా, ధర నిలువుగా పెడితే మొదట మరకే కనిపిస్తుంది. చుక్కల గాఢతను వందో వంతుకు తగ్గిస్తే, ఎక్కువ చుక్కలు పేరుకున్న చోటు మాత్రమే ముదురుగా తేలుతుంది. అప్పుడు 1 క్యారెట్ దగ్గర నిలువు గోడ లాంటి చార కనబడుతుంది. లెక్కపెడితే 0.99 క్యారెట్ వజ్రాలు 23, సరిగ్గా 1 క్యారెట్‌వి 1,558. ప్రకృతి ఇలా పంచదు. నిండు క్యారెట్‌కు పలికే ధర, దాన్ని చూసుకుని సానపట్టే చేయి, తూకం రాసే కలం, ఇవన్నీ కలిసి కట్టిన గోడ అది. మన జనగణనలోనూ ఇలాంటి గోడలుంటాయి: వయసు సున్నాతోనో అయిదుతోనో ముగిసేవాళ్లు పక్క వయసుల వాళ్లకంటే ఎక్కువగా తేలతారు. సగటు వయసు ఈ సంగతి చెప్పదు.

ఆదేశాలు టైప్ చేయడం వద్దనుకునేవాళ్లకు జమోవి, జాస్ప్ అనే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. జాస్ప్ ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. రెండింట్లోనూ మౌస్‌తో వరుసలు ఎంచుకుంటే బొమ్మ వస్తుంది, లోపల లెక్కలు చేసేది మాత్రం ఆరే. ఎస్‌పీఎస్‌ఎస్ సాఫ్ట్‌వేర్‌కు అలవాటుపడ్డవాళ్లకు గ్నూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు వారి పీఎస్‌పీపీ దగ్గరగా ఉంటుంది. లిబ్రాఆఫీస్ క్యాల్క్ కూడా చాలు, కాకపోతే ఎక్స్‌వై స్కాటర్ అనే రకాన్నే ఎంచుకోవాలి. లైన్ అనే రకం అడ్డం అక్షం మీద అంకెలను అంకెలుగా చూడదు, పేర్లుగా చూస్తుంది. 2001, 2011, 2014 అని ఇస్తే పదేళ్ల దూరాన్నీ మూడేళ్ల దూరాన్నీ సమానంగా గీసేస్తుంది. ఏటా ఒకే తీరున పెరిగినా 2011 తర్వాత ఆ వేగం తగ్గినట్టు కనిపిస్తుంది. పై చార్టుల, అంటే వృత్తాన్ని ముక్కలుగా కోసి చూపే చిత్రాల జోలికి పోకపోవడమే మంచిది. వాటిని గీసే ఆదేశానికి ఆర్ ఇచ్చిన సహాయ పేజీయే కమ్మీ చిత్రమో, చుక్కల చిత్రమో వేసుకోమని సలహా ఇస్తుంది. కన్ను పొడవులను పోల్చినంత బాగా కోణాలను పోల్చలేదు. ఇక కమ్మీలు సున్నా నుంచి మొదలవ్వాలి, ఎందుకంటే అక్కడ పొడవే విలువ. స్కాటర్‌ప్లాట్‌కు ఆ నియమం లేదు.

బొమ్మను పత్రికకో పుస్తకానికో పంపేటప్పుడు రెండు చిక్కులొస్తాయి. మొదటిది పరిమాణం. ఆర్ పీఎన్‌జీ ఫైలును మామూలుగా 480 పిక్సెళ్ల వెడల్పుతో దాస్తుంది. 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కల ముద్రణలో అది 1.6 అంగుళాలే. ఆరంగుళాల వెడల్పు కావాలంటే 1,800 పిక్సెళ్లు అడగాలి, రిజల్యూషన్ 300 అని కూడా చెప్పాలి. రెండోది తెలుగు. అక్షాల మీద పేర్లు తెలుగులో పెడితే మామూలు పీడీఎఫ్ పద్ధతిలో అక్షరాల స్థానంలో చుక్కలో, డబ్బాలో వస్తాయి. కొన్నిచోట్ల అక్షరాలు వచ్చినా ఒత్తులు విడిపోతాయి. రాగ్ అనే ఉచిత ప్యాకేజీతో దాచుకుని, నోటో సాన్స్ తెలుగు లాంటి యూనికోడ్ ఫాంటు పేరు చెబితే అక్షరాలు కుదురుగా వస్తాయి. ముద్రణకు పంపే ముందు బొమ్మను పెద్దది చేసి శ్రీకాకుళంలో రావత్తు, సంగారెడ్డిలో డావత్తు వాటి చోట ఉన్నాయో లేదో చూసుకోండి.