నాలుగు లిపుల పుట: పాత కూర్పు సాధనాలు, యూనికోడ్

కర్ణాటకలోని బీదర్ జిల్లాలో ఔరాద్ తాలూకా తెలంగాణ, మహారాష్ట్రల సరిహద్దున ఉంది. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో భాగమైన ఈ సీమలో కన్నడం, మరాఠీ, తెలుగు, ఉర్దూ పక్కపక్కనే వినిపిస్తాయి. అక్కడి తెలుగు మాటలకు పదకోశం కూర్చదలచిన విద్యార్థికి ఒకే పుటలో నాలుగు లిపులు కావాలి. ట్రాఫ్, టెక్ వంటి పాత కూర్పు సాధనాలతో అటువంటి పుటను ఎట్లా సిద్ధం చేయవచ్చునో ఇక్కడ వివరిస్తున్నాము.

ట్రాఫ్‌ను 1970లలో బెల్ లాబ్స్‌లో జో ఒసానా రూపొందించారు. టెక్ 1978లో డొనాల్డ్ క్నూత్ చేతిలో వెలువడింది. రెండింటిలోనూ రచన, ఆదేశాలు సాదా పాఠంగానే ఉంటాయి కనుక ఎన్నేళ్ల తరవాతనైనా ఆ ఫైలును చదువుకోవచ్చు. అయితే ఇవి రోమన్ లిపిని దృష్టిలో పెట్టుకొని పుట్టినవి. బైటుకు ఒక అక్షరం, అక్షరానికి ఒక అచ్చుదిమ్మ. ఆ దిమ్మలను ఎడమనుంచి కుడికి పేర్చడమే వీటి పని.

తెలుగుకు ఈ పద్ధతి చాలదు. 'రాష్ట్రం' అనే మాటలో కంటికి కనిపించేవి 2 అక్షరాలే. యూనికోడ్‌లో మాత్రం ర, దీర్ఘం, ష, పొల్లు, ట, పొల్లు, ర, సున్న అని 8 సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కొక్కటి 3 బైట్లు, అంటే మొత్తం 24. బైటుకో అక్షరంగా చదివే సాధనం 24 పొంతనలేని గుర్తులు వేస్తుంది. సంకేతాలను గుర్తించినా ఒత్తులు కట్టడం తెలియకపోతే మాట 'రాష్‌ట్‌రం' అని విరిగిపోతుంది.

1990లలో తెలుగుటెక్, రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన రిట్ ఈ చిక్కును మరోవిధంగా దాటాయి. రోమన్ అక్షరాలలో టైపు చేసిన తెలుగును ముందుగా మార్చి ఖతికి అందించేవి. పుటమీద తెలుగు ఉండేది, ఫైలులో ఉండేది కాదు.

1991లో వెలువడిన యూనికోడ్ ప్రతి లిపికీ వేరే చోటు ఇచ్చింది. తెలుగు 'క' సంఖ్య 3093, కన్నడ 'క' 3221, మరాఠీ రాసే దేవనాగరి 'క' 2325. కనుక ఏ అక్షరం ఏ లిపిదో సంఖ్యే చెబుతుంది. 2004లో జొనాథన్ క్యూ విడుదల చేసిన జీటెక్ ఈ సంఖ్యలను నేరుగా చదివి, ఓపెన్‌టైప్ ఖతిలోని నియమాల ప్రకారం ఒత్తులను కడుతుంది. ట్రాఫ్ సంతతిలోని గ్రాఫ్ కూడా ప్రీకాన్వ్ సాయంతో యూనికోడ్‌ను స్వీకరిస్తుంది గాని, ఒత్తులు కట్టదు. అందువల్ల తెలుగుకు జీటెక్ మేలు.

విద్యార్థి చేయవలసినవి మూడు. ప్రతి లిపికీ తగిన ఖతిని ప్రకటించాలి. ప్రతి భాగం ఏ భాషదో పాలీగ్లాసియాతో తెలపాలి. మరాఠీ, హిందీలకు లిపి ఒకటే కనుక సంఖ్యలు భాషను చెప్పవు. ఉర్దూ భాగానికి కుడినుంచి ఎడమకు నడిచే ఆదేశం ఇవ్వాలి. ఆపైన సంయుక్తాక్షరాలున్న పుట ఒకటి ముందుగా అచ్చు తీసి సరిచూడాలి.

ఈ శ్రద్ధ ఎందుకంటే, పుస్తకాలకెక్కని మాట మొదటి అచ్చులోనే తప్పుగా పడితే, సరిచూసుకోవడానికి తరవాతివారికి వేరే ప్రతి ఉండదు.